చిన్న చేపకు హోదా లేదు!

వాడరేవు తీరంలో చేపలు రెండు రకాలు: అతిథి అడిగేవి, అడగనివి. శని, ఆదివారాల్లో చీరాల మీదుగా కారులో దిగే అతిథి వంజరం, చందువా కావాలంటాడు. నెత్తళ్లు, కవళ్లు పళ్లెంలో కనిపిస్తే మొహం చిట్లిస్తాడు. మందలుగా తిరుగుతూ త్వరగా పెరిగే ఈ చిన్న చేపలను తింటే సముద్రానికి భారం తక్కువ. కానీ చవక సరుక్కు హోదా ఎక్కడిది?

అందుకే వాటికి వేరే దారి చూపారు. ఎండి, పొడై, మేత గుళికలో కలిసి రొయ్యల చెరువులో పడతాయి. ఆ మేత తినేది వనామీ రొయ్య. పుట్టిల్లు పసిఫిక్ తీరం. మన దేశంలో సాగుకు 2009లో అనుమతి దొరికింది. దానికి ఊపిరాడాలంటే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్ అందుకుంటుంది. చెరువులోని ఉప్పు పక్క పొలంలోకీ మంచినీటి బావిలోకీ ఊరుతుంది. గడ్డకట్టిన రొయ్య ఓడెక్కి అమెరికా పోతుంది. ఉప్పుకు మాత్రం వీసా రాదు, ఇక్కడే ఉంటుంది.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లోనూ హోటల్ బల్ల దగ్గర అతిథి వేసే “ఫ్రెష్ చేప ఉందా?” అన్న ప్రశ్న ఆగదు. సముద్రానికి సెలవిచ్చిన సర్కారు, నాలుకకు సెలవిచ్చే జీవో ఇంకా తేలేదు మరి!