నలభై రోజుల తీర రక్షకుడు

మే నెల రాగానే కాకినాడ పక్క కోరంగి మడ అడవికి ఓ వలస జీవి వస్తుంది. తలమీద ముదురాకుపచ్చ టోపీ, మెడలో బైనాక్యులర్, చొక్కా మీద ఆలివ్ రిడ్లే తాబేలు బొమ్మ. బీయస్సీ జువాలజీ రెండో ఏడు. వచ్చింది ఇంటర్న్‌షిప్ మార్కులకే గానీ, అడిగితే తీరాన్ని కాపాడ్డానికంటాడు.

తాబేళ్లెక్కడని మొదటిరోజే ఆరా. అవి జనవరి నుంచి మార్చి దాకా ఇసుకలో గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి సముద్రంలో కలుస్తాయి. కాలేజీ సెలవులేమో మేలో. ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

తాబేళ్లు లేకపోతేనేం, మడలున్నాయి. కొత్త ట్రెక్కింగ్ బూట్లతో బురదలోకి దిగాడు. బురద ఒకదాన్ని ఉంచేసుకుని, రెండోదాన్ని దయతలచి వదిలింది. "బూట్లెందుకండీ బాబూ, కాళ్లున్నాయి కదా!" అన్నాడు పడవ నడిపే బాబాయ్. ఆయాసం తీర్చుకుందామని చెట్టుమీద చెయ్యేయబోతే మళ్లీ కేక: "అయ్యబాబోయ్, అది తిల్ల! పాలు కంట్లో పడితే చూపు పోద్ది!" ఆ చెట్టు లాటిన్ పేరు మనవాడికి కంఠతా వచ్చు. చెట్టునే గుర్తుపట్టలేదు.

పోటు, పాటు వేళలు చెప్పే యాప్ ఉందతని ఫోన్లో. మడల్లోకి వెళ్లాక సిగ్నల్ ఉండదు. బాబాయ్ వేళ్లమీద తిథి లెక్కపెట్టి, "ఇయ్యాల దశమండీ, నీళ్లు పెద్దగా ఎక్కవు" అనేస్తాడు. అమావాస్యకీ పున్నమికీ సూర్యచంద్రులు కలిసి లాగుతారు గనక పోటు ఎక్కువనీ, అష్టమి దాటాక తగ్గుతుందనీ కుర్రాడు నోట్సు రాసుకుని, సాయంత్రం బాబాయ్‌కే పాఠం చెప్పాడు. బాబాయ్ "ఆయ్, అలాగాండీ!" అంటూ శ్రద్ధగా విన్నాడు. గోదారి జిల్లాల మర్యాద అలాంటిది.

పగలంతా పని, చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువల వెంట మడ మొక్కలు లెక్కపెట్టడం. నూట పన్నెండు దగ్గర పీత కనబడుతుంది. మళ్లీ ఒకటి నుంచి. రాత్రి ఇంటికి ఫోను: "అమ్మా, ఉప్పుపొన్న గింజ చెట్టుమీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుందే!"

"వండుకోవచ్చా?" అంది అమ్మ.

అసలు ఆశంతా బావురుపిల్లి మీద. నీళ్లలో చేపలు పట్టే ఆ పిల్లికోసం గట్టున కెమెరా కట్టారు. రెండు వారాల తర్వాత తెరిస్తే బొమ్మల్లో కొంగలు కొన్ని, మిగతా అన్నిట్లోనూ ఇతగాడే, కెమెరాలో పిల్లి పడిందేమోనని తొంగిచూస్తూ. చివరి బొమ్మలో మాత్రం చీకట్లో ఓ తోక! ఆ తోకే వాట్సాప్ డీపీ అయింది, రిపోర్టుకి అట్టబొమ్మ అయింది, అందులో నాలుగు పేజీల అధ్యాయమూ అయింది.

వెళ్లేరోజు మురిపెంగా బాబాయ్‌కి చూపించాడు. బాబాయ్ ఫోను అటూ ఇటూ తిప్పి, "నీటికుక్క తోకండి ఇది" అన్నాడు.

అప్పటికి రిపోర్టు మూడు కాపీలకీ స్పైరల్ బైండింగ్ అయిపోయింది.