పెట్టెల రాయుడు

పెట్టెల రాయుడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. హైదరాబాదులో అయితే వాడకొకడు. నలభై దాటిన వయసు, నిలకడైన ఉద్యోగం, హాల్లో సోఫా ఉండాల్సిన చోట మోకాలెత్తు చెక్కపెట్టెలు రెండు. కొత్త స్పీకర్లమ్మే షోరూము ముందునుంచి వెళ్లినా తల తిప్పి చూడడు. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతలో కనపడతాడు, గురువారం సెలవు దొరికితే జుమేరాత్ బజారులో. మిగతా రోజుల్లో ఫోనులో సెకండ్‌హ్యాండ్ ప్రకటనలు తిరగేస్తూ ఉంటాడు. పెట్టె కంటపడగానే ముందు దాన్ని వెనక్కి తిప్పుతాడు. ముఖం చూసి మోసపోయే రకం తను కాదని ఆ తిప్పడంలోనే చెబుతాడు. ఆపైన పెళ్లిసంబంధానికి చేసినట్టు వాకబు మొదలవుతుంది. ఏ ఊరినుంచి వచ్చింది, ఆ ఊరికి సముద్రమెంత దూరం, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, వినాయకచవితి పందిట్లో ఎప్పుడైనా పెట్టారా, ఇదివరకెవరైనా విప్పారా? అమ్మేవాడికి ఇవేవీ తెలియవు. తూకానికి వేస్తే ఎంతొస్తుందో మాత్రం తెలుసు. రాయుడి కళ్లు చూశాక, అంతకు పదిరెట్లు చెప్పొచ్చని కూడా తెలిసిపోతుంది.

చుట్టాలు అతన్ని చూసి రెండు రకాలుగా నవ్వుతారు. కొత్తది కొనలేని పిసినారి అని కొందరు, పాతవాసన తలకెక్కినవాడని కొందరు. రెండూ తప్పే. పిసినారి అయితే స్పీకరే కొనడు, ఫోనుతో సరిపెట్టుకుంటాడు. పాతపిచ్చి అనుకుందామంటే అతని చేతిలో ఫోను ఈ ఏటిదే, పాటలన్నీ నెట్‌లోంచే వస్తాయి. నాకు తోచినంతలో రాయుడు కొన్న వస్తువు సరైనదే. దాన్ని కొన్నందుకు చెప్పే కారణాలున్నాయే, వాటికే నవ్వాలి. "ఆ రోజుల్లో మనుషులు మనసు పెట్టి చేసేవాళ్లండీ" అంటాడు. "ఈ చెక్క నలభై ఏళ్లు పాట విని పండింది" అంటాడు. "దీని మ్యాగ్నెట్ ఎత్తి చూడండి" అని వచ్చిన చుట్టం చేతిలో పెట్టేస్తాడు కూడా. పాత స్పీకరు ఈనాటికీ బాగా మోగడానికి కారణాలున్నాయి. వాటిలో పండిన చెక్క ఒకటి కాదు.

అసలు సంగతి ఏమిటంటే స్పీకరు చాలా ముందే పెద్దదైపోయిన యంత్రం. అయస్కాంతం మధ్య చిన్న తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు కోన్, తీగలో కరెంటు ఊగితే కోన్ ఊగుతుంది, గాలి ఊగుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌వారి దగ్గర పనిచేసిన రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో ఈ పద్ధతిని వివరంగా ప్రకటించారు. ఇవాళ అమ్ముడయ్యే స్పీకర్లలో నూటికి తొంభైకి పైగా ఆ పద్ధతివే. మిగిలింది పెట్టె. ఏ వూఫరుకి, అంటే కింది స్వరాలు మోగించే కోన్‌కి, ఎంత లోపలి చోటు కావాలో మొదట్లో చెవితోనూ అనుభవంతోనూ తేల్చుకునేవారు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో దానికి లెక్క కట్టాడు, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఆ లెక్కను విస్తరించాడు. మన దేశంలో ఎమర్జెన్సీ పెట్టేనాటికి స్పీకరు పెట్టెను కాగితం మీదే తేల్చేయడం ఇంజనీర్లకు చేతనవుతోంది. అదే కాలపు టీవీనో, టేప్‌రికార్డర్నో, కంప్యూటర్నో ఇవాళ ఎవరైనా కొంటే మ్యూజియానికనుకోవాలి. స్పీకరుకి ఆ గతి పట్టలేదు. వెనకాల ఎర్రదొకటి, నల్లదొకటి రెండు మొనలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. దానికి యాప్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు. నిరుడు కొన్న సౌండ్‌బారులో బోర్డు పోతే మిగిలేది ప్లాస్టిక్ దుంగే. కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. జేబీఎల్‌వాళ్లు 1970 నాటి ఎల్100ని, ఆ నారింజరంగు గళ్ల స్పాంజి ముఖంతో సహా, 2018లో మళ్లీ తెచ్చారు. లోపల కొన్ని మార్చారనుకోండి. ముఖం మాత్రం మార్చలేదు.

రెండో కారణం ఇంకా మొరటుది: పాతవి పెద్దవి. కింది స్వరం వినపడాలంటే గాలిని ఎక్కువగా తొయ్యాలి, అందుకు దగ్గరిదారి లేదు. పన్నెండంగుళాల కోన్ వైశాల్యం రెండంగుళాల కోన్‌కి ముప్ఫయ్యారు రెట్లు. అంత గాలీ ఆ చిన్నది తొయ్యాలంటే ముప్ఫయ్యారు రెట్లు దూరం ముందుకీ వెనక్కీ దూకాలి. దూకలేదు. అందుకని అరచేతిలో ఇమిడే స్పీకర్లలో చిప్పు పెట్టి, సౌండు పెంచిన కొద్దీ కింది స్వరాల్ని మెల్లగా కోసేస్తారు. ఇళయరాజా పాటలో పల్లవి వెనకాల బేస్ గిటారు వేరే కథ చెబుతూ ఉంటుందని, ఇరవయ్యేళ్లుగా ఆ పాట వింటున్నవాడికి కూడా పెద్ద వూఫరు ముందు కూర్చుంటే గాని తెలియకపోవడం ఇందుకే. రాయుడు దీన్ని పాత మనుషుల నిజాయితీ ఖాతాలో వేస్తాడు. పెట్టెలో గాలి ఎక్కువుందంటే చాలు. నిజానికి ఆ పాత మనుషులు కూడా పెట్టెను చిన్నది చెయ్యాలనే చూశారు. ఎడ్గార్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకరు తెచ్చినప్పుడు దాని గొప్పంతా, లోపల మూసిపెట్టిన గాలినే స్ప్రింగులా వాడుకుని, బీరువాలంత పెట్టెల్ని పుస్తకాల అల్మరాలోకి కుదించడమే. కుదించినా సరే, ఆ కుటుంబంలోనే పుట్టిన ఏఆర్-3ఎ ఒక్కోటి దాదాపు 24 కిలోలు. డాలసులోనో న్యూజెర్సీలోనో చవగ్గా దొరికిన జతను అమ్మానాన్నలు తిరిగొచ్చేటప్పుడు తెప్పించుకుందామని ఇక్కడి రాయుడు అక్కడి తమ్ముడికి ఫోన్ చేస్తాడు. విమానంలో పెట్టెకి 23 కిలోలే. "ముందు గుడ్డ విప్పేస్తే తగ్గుతుందేమో చూడరా" అంటాడు.

మూడోది ధర. స్పీకరు మొదటి యజమాని చేతిలోనే చాలావరకు విలువ పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత ఒకచోట నిలబడిపోతుంది. రాయుడు దాన్ని నిలబడినచోట అందుకుంటాడు. మూడేళ్లు విని అదే ధరకు అమ్మగలడు. అమ్మడు, అది వేరే విషయం. కాకపోతే ఈ లెక్క పేరులేని పెట్టెలకే చెల్లుతుంది. పేరున్నవాటి దగ్గర తిరగబడుతుంది. బీబీసీవాళ్లు 1970లలో తమ రికార్డింగు వ్యానుల్లో పెద్ద స్పీకరుకి చోటు లేక ఎల్ఎస్3/5ఎ అని ఒక అడుగెత్తు బుల్లిపెట్టె తయారుచేయించారు. రోజర్స్, స్పెండార్, హార్బెత్ వంటి కంపెనీలకు లైసెన్సులిచ్చారు. మనిషి గొంతు ఎలా ఉందో అలా వినపడాలన్నది దాని ప్రధానమైన పని. ఘంటసాల భగవద్గీత దానిలో వింటే ఆయన ఊపిరి తీసుకునే చోటు కూడా తెలుస్తుంది. కానీ అది కింది స్వరాలకు దిగదు, వాటుకు 83 డెసిబెల్స్ మించి ఇవ్వదు. మామూలు 89 డెసిబెల్స్ పెట్టెతో సమానంగా మోగాలంటే దానికి నాలుగు రెట్లు కరెంటు మేపాలి. ఇన్ని పరిమితులున్న పనిముట్టుకు సేకరణదారులు కట్టే ధరతో కొత్తవి మంచి జత వచ్చి, ఇంకా డబ్బు మిగులుతుంది. ఇక్కడే రాయుడు జారతాడు. అనామకమైన పెట్టెను బేరమాడి కొన్నప్పుడు తెలివైనవాడే, ఎల్ఎస్ అనే రెండక్షరాలు వినపడగానే భక్తుడైపోతాడు. కలకత్తా సోనోడైన్ పాత జత సగం ధరకు పక్కనే కూర్చుని ఉన్నా కంటికి ఆనదు.

ఇక ఆక్షేపణలు. పాతవన్నీ బంగారమైతే పాత చెత్త ఎక్కడికి పోయిందని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. తుక్కులోకి పోయింది. బాగున్నవాటిని జనం దాచుకున్నారు, బాగోలేనివాటిని పారేశారు, మిగిలినవాటిని చూసి ఆ కాలమంతా గొప్పదనుకుంటున్నాం. అయినా చెత్త మొత్తం పోలేదు. 1990లలో పీఎంపీఓ అని ఒక వాట్ల కొలత మన బజార్లను ఏలింది. నాలుగు పెన్సిల్ సెల్స్ వేసే టేప్‌రికార్డరు మీద వెయ్యి వాట్లని, రెండువేల వాట్లని వెండిరంగు స్టిక్కర్లుండేవి. ఇంటి మీటరు చూసుకున్నవాడెవడూ అడగలేదు, అన్ని వాట్లు ఎక్కడినుంచి వస్తున్నాయని. ఆ పెట్టెలకూ ఇప్పుడు సుమారు ముప్ఫయ్యేళ్లు. వయసే అర్హత అయితే వాటికీ పూజలు జరగాలి. కాబట్టి "పాతది కాబట్టి మంచిది" అనే వాక్యం రాయుడు ఎంత మృదువుగా చెప్పినా తప్పే. మంచిదై పుట్టింది కాబట్టి పాతబడ్డాక కూడా మంచిదిగా ఉందనాలి. ఈ మాటలో కవిత్వం తక్కువ. రాయుడికి నచ్చకపోవడానికి అదే కారణం.

పాడైపోవూ అన్నది ఇంకో ఆక్షేపణ, ఇది మొదటిదానికంటే గట్టిది. పాడవుతాయి, అయితే ఒక వరసలో పాడవుతాయి. కోన్ చుట్టూ అంచులా వేసే ఫోమ్ మొట్టమొదట పోతుంది. గాలిలోని తేమ దాన్ని లోపలినుంచే తినేస్తుంది. పదిహేను, ఇరవయ్యేళ్లకు వేలు పెడితే పొడి రాలుతుంది, విశాఖపట్నంలో, కాకినాడలో ఇంకా త్వరగా. సముద్రం ఎంత దూరమని రాయుడు అడిగింది వెర్రి ప్రశ్న కాదన్నమాట. ఏఆర్-3ఎలలో చాలావాటికి ఉన్నది ఫోమే, కొత్తది వెయ్యక తప్పదు. రబ్బరు అంచు చాలాకాలం ఉంటుంది, మందు పూసిన గుడ్డ అంచు అంతకంటే ఎక్కువ. ఆ తర్వాత పై స్వరాల్నీ కింది స్వరాల్నీ విడదీసే క్రాసోవర్లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండి, పై స్వరాలు పలికే ట్వీటరు గొంతు తగ్గుతుంది. కొన్ని ట్వీటర్లలో అయస్కాంతపు సందులో పోసే ద్రవం జిగురులా గట్టిపడుతుంది. పెట్టెను చెదలు తింటాయి, ఇది ఇంగ్లీషు పుస్తకాలలో కనపడని మన సొంత జబ్బు. అయస్కాంతం మాత్రం ఇంటివాళ్లందరికంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఇవన్నీ కొనేముందే పట్టుకోవచ్చు. నాలుగు వేళ్లతో కోన్‌ని సమంగా నొక్కి వదిలితే లోపల గరగరమనకూడదు. ఒకటిన్నర వోల్టుల సెల్ ఆనిస్తే టక్కున కదలాలి. ఎనిమిది ఓములదైతే మీటరులో ఆరు దరిదాపుల్లో చూపించాలి. రాయుడికి ఈ విద్యంతా కరతలామలకం, సంతలో నేలమీద బోర్లా పడుకుని మరీ చూస్తాడు. చూసి, గరగరమని వినపడినా సరే కొంటాడు. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి సామాను తెచ్చి, అంచు వేయించి, కెపాసిటర్లు మార్పించి, ఆ ఖర్చును మాత్రం స్పీకరు ధరలో కలపడు. అది "మెయింటెనెన్సు". మూడువేలకు కొన్నానని చుట్టాలకు చెప్పేటప్పుడు పక్కన ఉండే ఇల్లాలు మిగతా పదివేల గురించి నోరెత్తదు, కానీ టీ గ్లాసు కాస్త చప్పుడయ్యేలా పెడుతుంది.

అయస్కాంతం మాట వచ్చింది కాబట్టి ఆల్నికో గురించి కూడా చెప్పాలి. పాత ఆల్నికో అయస్కాంతాల్లో తీపి ఉందని, తర్వాత వచ్చిన ఫెర్రైట్‌లో అది పోయిందని రాయుడి వర్గం గట్టిగా నమ్ముతుంది. కంపెనీలు మారింది తీపి తగ్గిద్దామని కాదు. ఆల్నికోలో కోబాల్టు ఉంటుంది. అప్పట్లో జైర్ అని పిలిచిన కాంగోలో 1978లో షాబా గనుల ప్రాంతంలో యుద్ధం జరిగి, కోబాల్టు ధర ఆకాశానికెక్కింది. కారణం అకౌంట్స్ డిపార్టుమెంటులో పుట్టింది. రాయుడికి ఈ చరిత్ర చెబితే శ్రద్ధగా విని, "అయినా తీపి వేరండీ" అంటాడు.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ చివరికి మిగిలింది. శబ్దాన్ని కొలవడం బాగా ముందుకెళ్లింది. కెనడాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్లో ఫ్లాయిడ్ టూల్ 1980లలో తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించి, వాళ్లు మెచ్చినవాటిలో ఉమ్మడిగా ఏముందో కొలిచి చూపించాడు. ఎదురుగానే కాక పక్కలకు పోయే శబ్దం కూడా సమంగా ఉండాలని తేలింది. ఆ జ్ఞానం ఇవాళ మధ్యరకం ధరల స్పీకర్లలోకి కూడా దిగింది, కాబట్టి పక్కలకు పోయే శబ్దం విషయంలో చాలా పాత పెట్టెలు ఇప్పటివాటి ముందు తలదించుకోవాల్సిందే. ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా రాయుడి బేరం చెడదు, ఎందుకంటే మూడువేలకు, పోనీ పదమూడువేలకు, పెద్ద వూఫరూ పెద్ద పెట్టే ఉన్న కొత్త జత రాదు. అదే టూల్, షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ఇంకో పని చేశాడు. హార్మన్ అనే ఆడియో కంపెనీ ఉద్యోగుల చేత అవే స్పీకర్లను తెర ఉంచి ఒకసారి, తెర తీసి ఒకసారి వినిపించి మార్కులు వేయించాడు. తెర తీయగానే పెద్దగా, ఖరీదుగా కనపడేవాటికి మార్కులు పెరిగాయి, చిన్న ప్లాస్టిక్‌వాటికి తగ్గాయి. చెవులు మారలేదు, కళ్లు చేరాయంతే. రాయుడికి కావలసిన పరీక్ష ఇదే, దానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. దుప్పటి ఒకటి అడ్డం కట్టి, పాత జతనూ మేనల్లుడి కొత్త జతనూ ఒకే సౌండులో పెట్టి, ఏది ఏదో తెలియని అత్తగారిని ఎదురుగా కూర్చోబెడితే చాలు. సూచన విని రాయుడు చాలాసేపు ఆలోచిస్తాడు. సూత్రప్రాయంగా అభ్యంతరమేమీ లేదంటాడు. ఇవాళ మాత్రం వద్దంటాడు, పొద్దుటినుంచీ వోల్టేజీ బాగోలేదట.