నన్ను వదిలించుకునే విద్య

నా పుట్టిల్లు ఒహాయో రాష్ట్రంలోని ఏడా అనే చిన్న ఊరు. 1955 నుంచి అక్కడి విల్సన్ ఫ్యాక్టరీలో మా వంశం పెరుగుతోంది. నాలుగు ఆవుతోలు ముక్కల్ని తిరగేసి కుట్టి, ఆవిరి పట్టి, మళ్లీ సవ్యంగా తిరగేసి, లోపల బ్లాడర్ దూర్చి, చేత్తో లేసు బిగిస్తే నేను తయారయ్యాను. పొడవు పదకొండు అంగుళాలు, బరువు 400 గ్రాముల పైచిలుకు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కాలేజీ బంతిని కాబట్టి కొసలకు దగ్గర్లో తెల్ల పట్టీలు కూడా ఉన్నాయి.

మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీలో మొదట బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతుల్లో వెలిగాను. తోలు అరిగాక కిక్కర్ల సంచిలో పడ్డాను. ఆగస్టు క్యాంపులో ఆ సంచిలోంచి నన్ను బయటికి తీసింది మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పంటర్, అంటే బంతిని చేతిలోంచి వదిలి దూరంగా తన్నేవాడు. వయసు ఇరవై దాటింది, చుట్టూ ఉన్నవాళ్లు పద్దెనిమిదేళ్ల పిల్లలు. అతను నన్ను రెండు చేతుల్లో తిప్పి చూసి, "కొసలు మరీ సన్నం" అని గొణిగాడు. వాళ్ల ఊరి ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, బంతి కొసలు గుండ్రంగా ఉంటాయట.

ఈ దారిలో అతనికంటే ముందు చాలామందే వచ్చారు. 2007లో నేథన్ చాప్‌మన్ మెల్‌బోర్న్‌లో ప్రోకిక్ ఆస్ట్రేలియా అనే శిక్షణ సంస్థ పెట్టాక, అక్కడి ఫుటీ కుర్రాళ్లు అమెరికా కాలేజీలకు వరస కట్టారు. యూటా పంటర్ టామ్ హ్యాకెట్ 2014, 2015లలో దేశంలోనే ఉత్తమ కాలేజీ పంటర్‌కిచ్చే రే గై అవార్డు గెలిచాడు. 2023లో అయోవా పంటర్ టోరీ టేలర్ ఒకే సీజన్‌లో 4,479 గజాలు తన్ని, 1938 నుంచి చెక్కుచెదరని రికార్డును దాటేశాడు. మావాడికి ఈ పేర్లన్నీ కంఠతా వచ్చు.

క్యాంపు మొదలైన రోజుల్లో హెల్మెట్లు మాత్రమే పెట్టుకుంటారు. తర్వాత భుజాలకు ప్యాడ్లు, ఆ పైన పూర్తి కవచం. ఎండకు ఒళ్లు అలవాటుపడాలని ఇలా నిబంధన పెట్టారు. చేతుల్లేని జెర్సీ, నిక్కరుతో ఆడి పెరిగినవాడికి మొదటి హెల్మెట్టే బరువైంది. దాని ఊచల్లోంచి కిందికి చూస్తూ నన్ను పాదం మీదికి సరిగ్గా వదలడం రాక, మొదట్లో నన్ను అడ్డదిడ్డంగా తన్నాడు.

అతన్ని అంతకంటే బాధించింది ఖాళీ. ఫుటీ మ్యాచ్‌లో పది కిలోమీటర్లకు పైగా పరుగెత్తే మనిషికి ఇక్కడ ప్రాక్టీసులో దక్కేది కొద్ది నిమిషాలే. మిగతా సేపు మైదానం అంచున, బంతిని అందించే లాంగ్ స్నాపర్‌తో కబుర్లు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు గానీ, విద్యార్థి వీసా మీద వచ్చినవాడికి పని చేసి సంపాదించే వీలు అంతంతమాత్రమే. పక్కవాళ్లు ఒప్పందాల మీద సంతకాలు పెడుతుంటే ఇతను నన్ను గదికి తీసుకెళ్లి, మంచం మీదికి జారవిడుస్తూ కూర్చునేవాడు.

అసలు చిక్కు అతని కాలిలో ఉంది. ఫుటీలో బంతిని తన్నడమంటే జట్టువాడికి అందించడం. నిటారుగా పట్టుకుని, కింది కొసను తన్ని, వెనక్కి గిరగిరా తిరిగేలా పంపితే అవతల స్నేహితుడు ఎగిరి గుండెకు హత్తుకుంటాడు. ఇక్కడ మూడు ప్రయత్నాల్లో పది గజాలు దాటకపోతే నాలుగోసారి సాధారణంగా పంటర్ వస్తాడు. తన్నాడంటే నన్ను శత్రువుకి అప్పజెప్పినట్టే. అతను అలవాటు కొద్దీ నన్ను చక్కగా, తన్నిన బంతిని పట్టుకుని ఎదురు పరుగెత్తే అవతలి రిటర్నర్ గుండెల మీదికే పంపాడు. వాడు నన్ను చంకలో ఇరికించుకుని సగం మైదానం పరుగెత్తాడు.

కోచ్ అరిచాడు: "ఎవరికిస్తున్నావ్? మనవాడనుకున్నావా?"

అప్పట్నుంచి అతను దూరం మానేసి ఎత్తు వెతికాడు. నాలుగు సెకన్లకు పైగా నేను గాల్లో ఉంటే చాలు, ఈలోగా తనవాళ్లు కింద చేరుకుంటారు. మైదానం పక్క గీతకు దగ్గరగా, రిటర్నర్‌కు అందకుండా దించడం నేర్చాడు. అప్పుడే ఆ పాత ఫుటీ తన్ను పనికొచ్చింది. నేను గోల్ గీత దాటి ఎండ్ జోన్‌లోకి దొర్లితే శత్రువుకి ఇరవై గజాలు ఊరికే దక్కుతాయి. వెనక్కి తిరుగుతూ దిగితే గీతకు ముందే ఆగిపోవచ్చు. అమెరికన్లు ఇష్టపడే పొడవాటి, మెలితిరిగే స్పైరల్ తన్నుతో అది అంత తేలిక కాదు.

క్యాంపు చివరి స్క్రిమేజ్‌లో, అంటే తమలో తాము ఆడుకునే సాధన మ్యాచ్‌లో, నన్ను అలాగే పంపాడు. రిటర్నర్ వదిలేశాడు. నేను గీత దగ్గర పడి, ఒక్క ఎగురు ఎగిరి, వెనక్కి తగ్గాను. పరుగెత్తుకొచ్చిన లాంగ్ స్నాపర్ మూడో గజం దగ్గర నన్ను నొక్కిపట్టాడు. అంతదాకా అతని పేరు కూడా తెలియని లైన్‌మన్లు వచ్చి హెల్మెట్ మీద చరిచారు.

ఆ రాత్రి తొమ్మిదికి, మెల్‌బోర్న్‌లో మర్నాటి మధ్యాహ్నం, అమ్మకు ఫోన్ చేశాడు. "ఇక్కడా మనవాడికే ఇస్తున్నానమ్మా," అన్నాడు నన్ను మోకాళ్ల మధ్య పెట్టుకుని. "కాకపోతే వాడు వచ్చేదాకా బంతి ఆగాలి, అంతే."