పలచని నెత్తురు, చిక్కని సలహాలు

వానాకాలం వచ్చిందంటే కూడికలు రానివాళ్లు కూడా లక్షల్లో మాట్లాడతారు. "నిన్న లక్షా ఇరవై, ఇవాళ ఎనభై వేలేనట!" డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క అందరికీ కంఠతా వచ్చేసింది. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. అవి అక్కడ ఏం చేస్తుంటాయని మాత్రం ఎవరూ అడగరు.

ఈ జ్ఞానంతోనే ఒకాయన మా బాబాయిని పరామర్శించడానికొచ్చాడు. బాబాయికి అప్పుడే గుండెలో స్టెంట్ వేసి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రాసి పంపారు. ఆయన మందుల చీటీ చదివి, "ఇవి ప్లేట్‌లెట్ల మీద పనిచేసేవండీ, కౌంటు పడిపోతుంది!" అని బెంబేలెత్తి, సాయంత్రానికల్లా బొప్పాయి ఆకులు కట్ట కట్టి పంపాడు.

ఆస్పిరిన్ పని వాటిని తగ్గించడం కాదు, చేతులు కట్టేయడం. ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి అవి తయారుచేసే త్రాంబాక్సేన్‌ని పుట్టనివ్వదు. (ఆస్పిరిన్ గుట్టుకి 1971లో దారి చూపిన జాన్ వేన్‌కి 1982 నోబెల్‌లో వాటా దక్కింది.) ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కాబట్టి, పాడైన ఎంజైముని మళ్లీ చేసుకోలేదు. బతికే 8, 10 రోజులూ అలాగే తిరుగుతుంది.

"అంటే సీట్లో ఉంటాయి, పని మాత్రం చెయ్యవు" అన్నాడు బాబాయి. రిటైరైన గుమాస్తా. ఇంకెవరికైనా రెండుసార్లు చెప్పాల్సొచ్చేది.

వాటికి పని లేకుండా చెయ్యడం ఎందుకంటే, గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లినా వాటికి గాయమనే తోస్తుంది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే సాయానికని మూగి అంబులెన్సుకి దారి లేకుండా చేసే జనంలా, అక్కడికి పరిగెత్తుతాయి. గుండెపోటంటే చాలాసార్లు ఆ గుంపే.

ఇక తిండి. రెండో పరామర్శ పరగడుపున పచ్చి వెల్లుల్లి తినమంది. దంచిన వెల్లుల్లి నూనెలో నానితే అజోయీన్ అనేది పుడుతుంది, పరీక్షనాళికలో అది ప్లేట్‌లెట్లని అంటుకోనివ్వదు. కంచంలో మహిమ అంత లేదు. అయినా వెల్లుల్లి గుళికలు మింగేవాళ్లని ఆపరేషన్‌కి ముందు మానెయ్యమంటారు. బాబాయి శ్రద్ధగా నమిలాడు. "ప్లేట్‌లెట్ల మాట దేవుడెరుగు, మనుషులే దగ్గరికి రావట్లేదు" అంది పిన్ని. నూనెలో నానడం అన్న మాట చెవిన పడగానే ఆయన వెల్లుల్లి ఆవకాయని మందుల జాబితాలో చేర్చబోయాడు. "అందులో రెబ్బలు దంచరు" అని పిన్ని జాడీ పైఅరకి ఎక్కించింది. ఉప్పు సంగతి ఎత్తనేలేదు. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాములు దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా ఇంట్లో అది పెరుగన్నం దగ్గరికి రాకముందే అయిపోతుంది.

మూడో పరామర్శ చేప. 1970లలో బాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ ఇన్యూట్ల నెత్తురు చూసి, సీల్, చేపల్లోని ఒమేగా-3 కొవ్వుల వల్ల అది నెమ్మదిగా గడ్డకడుతోందన్నారు. దీన్ని మావాళ్లు పులసకి అన్వయించారు. పుస్తెలమ్మి తినమన్నది దాన్నే కదా. ధర వింటే స్టెంట్ ఉన్నవాడికి మంచిది కాదు. కానాగంతల్లోనూ ఆ కొవ్వులే దండిగా ఉన్నాయంటే ఎవరి మొహంలోనూ కళ లేదు.

నాలుగో ఆయన గోంగూర నిషేధించాడు. అది వాళ్ల తమ్ముడి పథ్యం. కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వాడుతున్నాడు. ఆ మందుకీ ఆకుకూరల్లోని విటమిన్ కెకీ పేచీ. అక్కడైనా చెప్పేది మానమని కాదు, రోజూ ఒకే మోతాదులో తినమని. బాబాయి మందులకి ఆ గొడవే లేదు.

చివరికి డాక్టరు గారిని అడిగితే, కూరలు, పళ్లు, పప్పులు ఎక్కువ, ఉప్పూ వేపుళ్లూ తక్కువ, చెప్పకుండా మాత్ర మానొద్దు, అన్నారు. ఇంత చప్పటి సలహాకి ఫీజు ఎందుకని బంధువులు నొచ్చుకున్నారు.

పిన్ని మాత్రం ఆ పథ్యాన్ని ఇంటికొచ్చిన వాళ్లందరికీ వర్తింపజేసింది. ఉప్పులేని సొరకాయ కూర, ఉప్పులేని మజ్జిగ. పరామర్శలు బాగా పలచబడ్డాయి.