దారి అడగని యాత్ర

బెంగళూరు చూసొచ్చామనే పిల్లల్ని ఏం చూశార్రా అని అడగడం మానేశాను. జవాబు వింటే ఒళ్లు మండుతుంది. శుక్రవారం రాత్రి మనవైపు నుంచి స్లీపర్ బస్సెక్కి, తెల్లారేసరికి వైట్‌ఫీల్డ్‌లో ఏ స్నేహితుడి పీజీలోనో దిగుతారు. పది దాకా నిద్ర. లేచాక మాలు. అందులో సినిమా, అదీ తెలుగు సినిమానే. సాయంత్రం ఫొటోలు బాగా వస్తాయని ఎవరో పెట్టిన రీలు చూసి ఒక కాఫీ షాపు. రాత్రికి ఆంధ్రా మెస్సులో బిర్యానీ. ఆదివారమూ ఇదే తంతు. ఇందులో విజయవాడలోనో తిరుపతిలోనో దొరకనిది ఏముంది? ఆ వైట్‌ఫీల్డ్‌లోనే మా అమ్మాయి ఇంట్లో ఉంటూ, మనవడి స్నేహితుల రాకపోకలు చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా రోజుల్లో, అంటే డెబ్బైల్లో, చిత్తూరులో డిగ్రీ చదివే కుప్పం వైపు పిల్లలకు బెంగళూరంటే ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శన. నలుగురైదుగురం కలిసి పాసింజరు ఎక్కేవాళ్లం. 1864లోనే రైలు నడిచిన జోలార్‌పేట లైను అది. చేతిలో చిత్రాన్నం, ఊరిబిండి మూట. బంగారుపేటలో కేజీఎఫ్ జనం ఎక్కేవాళ్లు. మాలూరు దాటేసరికి పెట్టెలో మూడు భాషలు కలిసిపోయేవి. ఎక్కడ పడుకోవాలి, ఏ హోటల్లో సాంబారు మళ్లీ పోస్తారు, మార్కెట్లో జేబు ఎక్కడ జాగ్రత్త, అన్నీ ఆ పెట్టెలోనే తెలిసేవి. పడుకోవడానికి సిటీ స్టేషను ఎదురుగా తోటదప్ప ఛత్రం ఉందని కూడా అక్కడే చెప్పారు. గుబ్బి తోటదప్ప అనే వ్యాపారి బాటసారుల కోసం కట్టించిన ధర్మసత్రం, 1903 నుంచి ఉంది. ఇప్పటి పిల్లలు ఆ పేరు కూడా విని ఉండరు.

ఊళ్లో ప్రతి మలుపులో ఎవరినో ఒకరిని అడగాల్సిందే. ఎర్ర సిటీ బస్సుల మీద కన్నడ బోర్డులు. మన లిపికి తోబుట్టువే కాబట్టి కూడబలుక్కుని చదివేవాళ్లం. విధాన సౌధ నుదుటి మీద సర్కారు పని దేవుని పని అని చెక్కిన మాటను అట్లాగే ఒక్కో అక్షరం పట్టుకుని చదివాం. చదవడం వచ్చినా నోరు తిరగదు. వచ్చీరాని కన్నడంలో 'గాంధీ బజార్ ఎల్లి?' అనగానే, ఎదురుపడిన పెద్దమనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, 'యా ఊరప్పా మీది?' అనేవాడు. ఇక దారి చెప్పడం వెనకబడి, కులగోత్రాలు, వానలు, వేరుశనగ ధర ముందుకొచ్చేవి. ఆ ఊళ్లో తెలుగు నిన్నమొన్నటిది కాదు. 1537లో బెంగళూరు కట్టిన కెంపేగౌడే తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రాశాడని చెబుతారు.

ఫోనులో మ్యాపు ఉండగా అడగడమెందుకు తాతా అంటాడు మా మనవడు. ఎందుకంటే, మ్యాపు నువ్వు అడిగినదే చెబుతుంది. బసవనగుడిలో మేం అడిగింది పెద్ద నంది గుడికి దారి. చెప్పినాయన ఊరుకోలేదు. కార్తీకంలో చివరి సోమవారం రండి, ఇక్కడ కడలేకాయి పరిషె జరుగుతుంది, చుట్టుపక్కల రైతులు కొత్త పంట వేరుశనగ కుప్పలుగా పోసి అమ్ముతారు, మొదట బసవన్నకు అర్పిస్తారు అన్నాడు. మేమంతా వేరుశనగ పండించే ఇళ్ల పిల్లలం. మా పంటకు ఇంత పెద్ద పట్నంలో ఒక జాతర ఉందని తెలిసి, ఆ కార్తీకంలో మా నాయనను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. అది ఏ మ్యాపూ చెప్పేది కాదు.

లాల్‌బాగ్‌లో పూలు చూసి ఊరుకోలేదు. అక్కడి పెద్ద బండ ఎక్కి కూర్చుంటే, మూడు వందల కోట్ల ఏళ్ల నాటి రాయిరా ఇది అని మా భూగోళం మాస్టారు చెప్పింది గుర్తొచ్చి కాళ్లు ముడుచుకున్నాం. 1962లో తెరిచిన విశ్వేశ్వరయ్య మ్యూజియంలో యంత్రాలను చేత్తో తిప్పి చూశాం. ఆయన ఇంటిపేరైన మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరే కదా. ఆకలికి గాంధీ బజారులో విద్యార్థి భవన్, 1943లో చదువుకునే పిల్లల కోసమే మొదలైన హోటలు.

అప్పుడు మాకు లేనిదీ ఇప్పటివాళ్లకు ఉన్నదీ మెట్రో. 2023 మార్చిలో కడుగోడి నుంచి కె.ఆర్.పురం దాకా వచ్చింది, అక్టోబరులో దాన్ని ఊళ్లోని లైనుతో కలిపే మధ్య ముక్క పూర్తయింది. వైట్‌ఫీల్డ్‌లో ఎక్కితే కబ్బన్ పార్కు, విధాన సౌధ దారిలోనే తగులుతాయి. మెజెస్టిక్‌లో పచ్చ లైనుకు మారితే లాల్‌బాగ్. ట్రాఫిక్ అనే సాకు కూడా పోయింది. ఇంకొకటి నిజం చెప్పాలి, మా రోజుల్లో ఆడపిల్లలను ఇట్లా పంపేవాళ్లు కాదు. మా చెల్లెలు ఎంత ఏడ్చినా మా అమ్మ పంపలేదు. ఇప్పుడు అమ్మాయిలు ధైర్యంగా వస్తున్నారు, చూసి సంతోషిస్తాను. వాళ్లూ వచ్చి మాల్లోనే తిరిగితే ఆ సంతోషం చేదవుతుంది.

పోనీ, అంత దూరం వద్దు. వాళ్లు దిగే వైట్‌ఫీల్డ్‌నైనా చూడొచ్చు కదా! ఐటీ కంపెనీలు రాకముందు ఇక్కడేమీ లేదనుకుంటారు. 1882లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇక్కడ దాదాపు 3,900 ఎకరాలిచ్చాడు. ఆ సంఘాన్ని పెట్టిన డి.ఎస్. వైట్ పేరే ఊరికి వచ్చింది. ఇంగ్లీషువాళ్లూ మనవాళ్లూ పూర్తిగా తమవాళ్లుగా ఒప్పుకోని మనుషులు, సేద్యం చేసుకుని సొంతంగా బతుకుదామని వేసుకున్న ఊరు. నడుమ గుండ్రని మైదానం, చుట్టూ తోటలున్న పెంకుటిళ్లు. దాన్ని ఇన్నర్ సర్కిల్ అంటారు. పక్కనే ఆ కాలపు మెమోరియల్ చర్చి. ఈ పక్క కడుగోడిలో సత్యసాయి బాబా బృందావనం ఆశ్రమం. మా కాలంలో వైట్‌ఫీల్డ్ స్టేషన్లో దిగే తెలుగువాళ్లలో చాలామంది అక్కడికి వచ్చేవాళ్లే.

ఇన్నర్ సర్కిల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. నేనొచ్చాక చూస్తుండగానే కొన్ని పడగొట్టారు. వచ్చే శనివారం దిగబోయే పిల్లలకు మా మనవడితో కబురు పంపాను. హోప్ ఫారం మెట్రో దగ్గర దిగండి, ఫోను సంచిలో వేయండి, ఇన్నర్ సర్కిల్ ఎక్కడని పూలమ్మే ఆవిడను అడగండి. ఆవిడది పలమనేరు.