సీమ పేటెంటు, సంపెంగ నూనె

పేటెంటు అంటే ఒక ఆవిష్కరణను ఇతరులు తయారు చేయకుండా, అమ్మకుండా, దిగుమతి చేసుకోకుండా ఇరవై ఏళ్లపాటు అడ్డుకునే హక్కు. అయితే ఆ హక్కు దానిని మంజూరు చేసిన దేశపు పొలిమేర దగ్గరే ఆగిపోతుంది కనుక, చెన్నై కార్యాలయం ఇచ్చిన పేటెంటుకు చికాగోలో చెల్లుబాటు లేదు. ఈ కారణంగానే ఎగుమతులను అధ్యయనం చేసేవారు స్వదేశంలోని పేటెంట్లకంటే, సరుకు అమ్ముడుపోవలసిన దేశంలో ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యమనుకుంటారు. లూక్ సూటే అనే ఆర్థికవేత్త 1981లో అమెరికాలో పొందిన పేటెంట్లనే కొలబద్దగా పట్టుకుని సంపన్న దేశాల ఎగుమతుల తీరును పరిశీలించాడు. పరాయిగడ్డ మీద న్యాయవాది ఫీజు, అనువాదపు ఖర్చు, పేటెంటు నిలబెట్టుకునేందుకు కట్టే రుసుము భరించేవాడికి అక్కడ ఏదో ఒకటి అమ్మే ఉద్దేశం ఉండే తీరుతుందన్నది ఇటువంటి కొలతల వెనుక ఉన్న నమ్మకం. ఆ పండితులకు మన కళాశాలల సంగతి తెలియదు.

2021లో విద్యాసంస్థలకు పేటెంటు రుసుము 80 శాతం తగ్గిన తరువాత, ర్యాంకులకూ పదోన్నతులకూ పేటెంట్ల లెక్క అక్కరకు వస్తుండడంతో, దరఖాస్తు ప్రచురితమైతే చాలు, పేటెంటు చేతికి వచ్చినట్టే గేటు ముందు ఫ్లెక్సీ లేస్తున్నది. ప్రచురణ అంటే దరఖాస్తును పద్దెనిమిది నెలలకో, అదనపు రుసుము కడితే అంతకు ముందో నలుగురికీ చూపడమే తప్ప, అందులోని ఆవిష్కరణ కొత్తదని ఎవరో తేల్చడం కాదు. అంతకంటే ఘనత కోరేవారికి బ్రిటన్ డిజైన్ నమోదు ఉంది. ఇది వస్తువు పైరూపానికి మాత్రమే దక్కే రక్షణ, పైగా ఆ రూపం నిజంగా కొత్తదా అని అక్కడి కార్యాలయం వెతికి చూడదు. అయినా ఆ ధ్రువపత్రం సముద్రం దాటి ఇక్కడికి చేరేసరికి అంతర్జాతీయ పేటెంటుగా రూపాంతరం చెందుతుంది. ఈ వ్యవహారం మొత్తంలో సీమకు ఎగుమతి అయ్యేది రుసుము ఒక్కటే.

ఇక ఈ ఘనతలకు మీసం మెలేయడం సంగతి. తెలంగాణలోని కురవి వీరభద్రస్వామికి 2017 మహాశివరాత్రి నాడు నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు బంగారు మీసాలు సమర్పించి మొక్కు తీర్చుకున్నారు కనుక, మీసానికి ఉన్న విలువ ఆ చుట్టుపక్కల ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. దేవుడి మీసం మాట వేరు. 2023-24లో దేశంలో లక్షకు పైగా పేటెంట్లు మంజూరయ్యాయన్న వార్తకు మెలితిరిగిన అధికారిక మీసం మాత్రం మింగ మెతుకు లేని ఇంట సంపెంగ నూనె అడిగే రకం. కురవికి దాపునే ఉన్న కేసముద్రం మార్కెట్లో రాశులు పోసే పసుపునే తీసుకుంటే, గాయాలకు పసుపు వాడే పద్ధతిపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. అది నిజమైన గెలుపే గాని, పరుల హక్కును కొట్టివేయించినంత మాత్రాన మన బస్తా ఓడ ఎక్కదు.

విదేశీ పేటెంటే ఎగుమతికి మూలమన్న సూత్రం హైదరాబాదు మందుల పరిశ్రమ విషయంలో అక్షరాలా నిజం, కాకపోతే ఆ పేటెంటు పరులది. 1970 నాటి పేటెంటు చట్టం మందుకు పేటెంటు లేకుండా చేసి, దానిని తయారు చేసే పద్ధతికి మాత్రమే మిగిల్చింది. ఒకే మందును మరో దారిలో తయారు చేసే విద్య ఇక్కడ అలా పెరిగింది. డాక్టర్ రెడ్డీస్ 1997లో తన సొంత మధుమేహ ఔషధ అణువు బాలగ్లిటజోన్‌ను డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చినప్పుడు దేశం గర్వించింది, కాని ఆ మందు అంగడి చేరలేదు. 2001లో అదే సంస్థ ఎలీ లిల్లీ వారి కుంగుబాటు మందు ప్రోజాక్‌కు సాటిగా ఫ్లూక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గుళికను 180 రోజుల ప్రత్యేక విక్రయ హక్కుతో అమెరికాలో దించినప్పుడు మాత్రం డబ్బు వచ్చింది. ఈ ప్రత్యేక హక్కు, పేటెంటును మొదట సవాలు చేసినవారికి అమెరికా చట్టం ఇచ్చే బహుమానం.

రక్తపు క్యాన్సరు మందు రెవ్లిమిడ్ విషయంలో హైదరాబాదుకు చెందిన నాట్కో, న్యూజెర్సీకి చెందిన పేటెంటుదారు సెల్జీన్‌తో 2015లో రాజీపడింది. ఆ ఒప్పందం ప్రకారం 2022 మార్చిలో అమ్మకం మొదలై, ఏటా ఇంతకు మించరాదన్న పరిమితితో 2026 జనవరి 31 వరకు సాగవలసి ఉండగా, ఇక్కడి కార్మికులు ఎన్ని గుళికలు నింపాలో న్యూజెర్సీలోని కాగితం చెప్పింది. ఆ గడువు దాటితే ఇలా రాజీపడినవారు ఎవరైనా ఎంతైనా అమ్ముకోవచ్చు, అందువల్ల పాత ధరకు మాత్రం ఎవరూ అమ్ముకోలేరు.