బీరగింజలు కొనడమా!

మా రోజుల్లో దొడ్లోకి బీరగింజలు డబ్బిచ్చి కొన్నవాళ్లని నేనెరగను. పంచదార కొనేవాళ్లం, కిరసనాయిలు కొనేవాళ్లం, పండక్కి బట్టలు కొనేవాళ్లం. గింజలు మాత్రం ఇంట్లో ఉండాలి, లేకపోతే పక్కింట్లో ఉండాలి. ఇప్పుడు మృగశిర కార్తె వచ్చిందంటే ఎరువుల దుకాణం ముందు జనం రంగురంగుల పొట్లాల కోసం నిలబడుతున్నారు. పైన నిగనిగలాడే కాయ బొమ్మ, లోపల మందు పట్టించిన గింజలు, అవీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నిరుడు కొన్నవాళ్లే ఈ ఏడూ కొంటున్నారు. గోదావరి ఒండ్రుమట్టిలో పుట్టి పెరిగినవాళ్లకి ఇదేం కర్మ?

వాటిలో ఎక్కువ హైబ్రిడ్ గింజలు. రెండు వేరువేరు రకాలని పనిగట్టుకుని కలిపి తీసిన మొదటి తరం. ఆ ఏడాది కాయలన్నీ బొమ్మలో ఉన్నట్టే ఒక్క తీరున దిగుతాయి. వాటి గింజ దాచి మరుసటేడు పెడితే పాదుకో తీరు. ఒకటి పొట్టిగా, ఒకటి వంకరగా, ఒకదానికి కాపే ఉండదు. కాయని లారీకెక్కించి సంతకి పంపే రైతు అవి కొన్నాడంటే అర్థముంది. ఆయనకి అన్నీ ఒకే కొలతలో ఉండాలి, ఒకేసారి కోతకి రావాలి. ఇంట్లో పప్పులోకి రెండు కాయలు కోసుకునేవాళ్లకి ఆ కొలతలు దేనికి? విత్తనం దాచుకునే హక్కు, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకి ఉన్నాయని 2001లో పార్లమెంటు చట్టమే చేసింది. దాచి పెట్టినా అదే తీరు కాయ నిలకడగా రాని గింజ కొనుక్కుంటే ఆ హక్కు ఏం చేసుకోను?

మా అమ్మ బీరపాదు మీద మొదటి కాయ కోసేది, రెండోదో మూడోదో ఒడ్డూపొడుగూ బాగున్నది చూసి దానికి గుడ్డపీలిక కట్టేది. పీలిక ఉన్న కాయ జోలికి ఎవరూ వెళ్లకూడదు. కూర లేని రోజైనా సరే. కాయని ముందు గిల్లి రుచి చూసేది, చేదు తగిలిందా, ఆ పాదు మొత్తానికి పీలిక యోగం లేదు. పందిరి మీద ఆ కాయ ముదిరి, పసుపెక్కి, ఆఖరికి ఖాకీ రంగుకి తిరిగేది. ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు కోసి బోర్లిస్తే కొసనున్న చిన్న మూత ఊడి నల్లటి గింజలు జలజలా చేటలో రాలేవి. మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోవడానికి నూతి గట్టు మీదికి వెళ్లేది. ఆనపగింజలు ఎండిన బుర్రలోనే ఉండి వంటింటి దూలానికి వేలాడేవి, పొయ్యి పొగకి వాటిని పురుగు ముట్టేది కాదు. గుమ్మడిగింజలని పేడలో అద్ది గోడకి కొట్టేవారు. చిక్కుడుగింజలు జల్లించిన బూడిదలో ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. ఇదంతా ఏ పుస్తకంలోనూ చదవలేదు ఆవిడ, అత్తగారి దగ్గర చూసి నేర్చుకుంది.

దాచినదాంట్లో సగం పంచడానికే. ఆడపడుచు పుట్టింటికొస్తే చీరె, పసుపూ కుంకుమతోపాటు కొంగున గింజలు ముడేసి పంపేది అమ్మ. అప్పుడది మర్యాద అనుకునేవాణ్ణి. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు గానీ దాని విలువ నాకు తెలియలేదు. నీళ్లు తీసేసరికి దొడ్లో పందిరి లేదు, పాదు లేదు, ఇంట్లో నానిపోయిన ఆనపబుర్రలు కుళ్లి కంపు కొడుతున్నాయి. అమ్మ కూలబడిపోయింది. పెద్దాపురంలో ఉన్న మా మేనత్తకి కబురు తెలిసి, పొట్లాలు కట్టుకుని బస్సెక్కి వచ్చింది. "నువ్విచ్చినవే వదినా, ఏటేటా పెడుతూనే ఉన్నాను" అంది. ఆవిడ తెచ్చిన పొట్టి బీర ఈనాటికీ నా పందిరి మీద ఉంది. దుకాణంలో కొన్న పొట్లం పోతే మళ్లీ దుకాణమే దిక్కు.

పాదు పెట్టినవాళ్లకి దాని ముఖం చూసే తీరికా లేదిప్పుడు. మా ఎదురింటి అమ్మాయి ఒకరోజు కంగారుగా వచ్చింది. "బాబాయిగారూ, ఆనపపూలన్నీ రాలిపోతున్నాయి, మందు కొట్టించమంటారా?" అంది. వెళ్లి చూస్తే రాలినవన్నీ సన్నటి కాడ ఉన్న మగపూలు. పాదుకి ముందు అవే వస్తాయి, వచ్చి రాలిపోతాయి. ఆడపువ్వు కింద బుల్లి పిందె ఉంటుంది, అది తరవాత వస్తుంది. ఈ మాత్రం చెప్పే పెద్దదిక్కు ఇంట్లో లేక ఆ పిల్ల ఫోనులో ఎవరో చెప్పిన మందు తెచ్చి పెట్టుకుంది. అదీ సాయంత్రం కొడుతుందట! బీర, ఆనప పూలు విచ్చుకునేదే పొద్దువాలాక. సరిగ్గా అప్పుడే మందు కొడితే పూల మీద వాలే పురుగులు చస్తాయి. అవి చచ్చాక పుప్పొడి మోసేదెవరు, పిందె నిలిచేదెలా? "ఈ సాయంత్రం మగపువ్వు తెంపి, రేకలు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దమ్మా" అని చెప్పి వచ్చాను. నాలుగు రోజులకి పిందె బొటనవేలంత అయిందని పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఆ పిల్ల ముఖంలో ఆనందం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పాలేగాని ఈ తరం చెయ్యదని కాదు.

మిద్దెతోటలంటే నాకు గౌరవమే. జానెడు నేల లేనివాళ్లు డాబా మీదికి మట్టి మోసి తోటకూర తింటున్నారంటే వాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి. కానీ అంబాజీపేట కొబ్బరి ఊరూరా ఎగుమతయ్యే చోట కూర్చుని, కొబ్బరిపొట్టు ఇటుకల్ని ఆన్‌లైన్లో తెప్పించుకోవడం ఏమిటి? కడియం నర్సరీ నుంచి కాయలతో సహా మిరపమొక్క తెచ్చుకోవడం, ఆకు ముడుచుకోగానే కుండీతో సహా పారేయడం ఏమిటి? ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఆకు తిప్పి చూడాలి కదా ముందు! మా నాన్నకి ఒక ఏడు మిరప మొత్తం పోయింది. తిట్టుకున్నాడు, అన్నం సయించక లేచిపోయాడు, మర్నాడు అదే మడిలో గోంగూర జల్లాడు.

నా దగ్గర పొట్టి బీర ఉంది, పందిరి చిక్కుడుంది, ఇప్పుడు సంతలో అరుదైపోయిన నేతిబీర కూడా ఉంది. కార్తీకంలో నేతిబీర పచ్చడి తిన్నవాళ్లు ఎవరైనా మిగిలుంటే వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా వీధివాళ్లు ఎవరికి కావాలన్నా వచ్చి పట్టికెళ్లండి, పైసా వద్దు. ప్రతి పాదు మీదా ఒక కాయకి పీలిక కట్టాలి. ఎండాక అందులో సగం గింజలు ఇంకో ఇంటికివ్వాలి. అలా ఇచ్చారో లేదో మాఘమాసంలో నేనే వచ్చి అడుగుతాను.